తాతగారి కత్తి ఎందుకు నీలంగా మారింది?

మీ వీధిలోని క్షవరశాల ముందు నుంచి వెళుతూ ఎప్పుడైనా లోపలికి చూశారా? ఇవాళ అక్కడ వాడే కత్తికి సొంత పదును ఉండదు. సగానికి విరిచిన బ్లేడు ముక్కను దాని నోట్లో బిగిస్తారు. ఒక మనిషికి వాడాక ఆ ముక్కను తీసి పారేస్తారు. నా చిన్నతనంలో అలా కాదు. పొదిలోంచి మడత కత్తి బయటికి వచ్చేది. జానెడు కంటే కొంచెం చిన్నది. విప్పితే ఉక్కు ఆకు, మూస్తే కొమ్ముతో చేసిన పిడి. దాన్ని సానరాయి మీద నూరి, తోలుపట్టీ మీద అటూ ఇటూ తిప్పి, మళ్ళీ మళ్ళీ అదే కత్తి వాడేవారు. అలాంటి కత్తి ఒకటి బాగా చూసుకుంటే రెండు తరాలు పనిచేస్తుంది.

మా తాతకు అలాంటి కత్తి ఉండేది. ఆయన యవ్వనంలో చాలామంది ఉత్తరాంధ్రవాళ్ళలాగే బర్మా వెళ్ళి రంగూనులో పనిచేశాడు. మా ఊళ్ళో పెద్దవాళ్ళు రంగూనును ‘రంగం’ అనేవారు. 1942లో జపాను సైన్యాలు రంగూనుకు వచ్చినప్పుడు వేలాదిమంది మనవాళ్ళు అడవుల వెంట నడిచి వచ్చారు కదా, వాళ్ళలో తాత ఒకడు. మోయగలిగినంతే తెచ్చుకున్నాడు. ఆ మూటలో ఈ కత్తి ఉంది. దాని మెడ మీద ‘జోలింగెన్’ అని జర్మనీ ఊరి పేరు చెక్కి ఉండేది.

1983 వానాకాలం. నేను ఎనిమిదో తరగతి. తుప్పు పట్టడానికి గాలీ తేమా రెండూ కావాలని మాస్టారు అప్పుడే చెప్పారు. తాత కత్తి మీద రెండు చోట్ల ఎర్రటి మచ్చలు కనిపించాయి. తేమే కదా కారణం, కాస్త కాచి తేమ పోగొడితే సరిపోతుందనుకున్నాను. ఎవరూ చూడకుండా కత్తి విప్పి, కుంపటి మీద పట్టుకున్నాను. కాసేపటికి వింత మొదలైంది. తెల్లటి ఉక్కు మీద గడ్డిరంగు వచ్చింది. అది గోధుమరంగు అయింది. ఆ తరువాత ఊదారంగు, చివరికి నెమలి కంఠం లాంటి నీలం. రంగులు అంచు దగ్గర పుట్టి వీపు వైపు పాకుతున్నాయి. కత్తికి కొత్త అందం వచ్చిందని మురిసిపోయాను కూడా!

మర్నాడు తాత దాన్ని చూసి ఏమీ అనలేదు. తోలుపట్టీ మీద తిప్పాడు, సబ్బు రాసుకున్నాడు, చెంప మీద పెట్టాడు. కత్తి కోయలేదు, పీకింది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ పెట్టాడు. “ఉక్కు చచ్చిపోయిందిరా” అన్నాడు. అంతే. దాన్ని తుడిచి పెట్టెలో పెట్టేశాడు. ఆ వారమే మా నాన్న ఆయనకు బ్లేడు రేజరు కొని తెచ్చాడు.

ఇనుములాంటిది చావడమేమిటి? దాని బరువు తగ్గలేదు, ఆకారం మారలేదు, ఎక్కడా విరగలేదు. ఏం పోయింది మరి?

ఉక్కులో ఉన్నది ఇనుము, కొద్దిగా కార్బను. పాత క్షౌరపు కత్తుల ఉక్కులో కార్బను నూటికి ఒకటి, ఒకటింపావు పాళ్ళుంటుంది. అంత తక్కువే అయినా అసలు గుణమంతా దాని వల్లే వస్తుంది. ఉక్కును సుమారు 780 డిగ్రీల సెంటీగ్రేడు దాకా, అంటే చెర్రీ ఎరుపు వచ్చేదాకా కాలిస్తే కార్బను పరమాణువులు ఇనుప పరమాణువుల మధ్య సందుల్లో సర్దుకుంటాయి. మెల్లగా చల్లారనిస్తే అవి బయటికి వచ్చి వేరే గుంపులు కడతాయి. ఉక్కు మెత్తగా ఉంటుంది. కానీ ఎర్రటి ఉక్కును ఒక్కసారిగా నీళ్ళలోనో నూనెలోనో ముంచితే? కార్బనుకు బయటపడే వ్యవధి ఉండదు. కిక్కిరిసిన బస్సులో తలుపులు హఠాత్తుగా మూసినట్టు అవుతుంది. ఇనుప పరమాణువుల అమరిక ఇటూ అటూ లాగబడి, బిగుసుకుపోతుంది. ఈ బిగుసుకున్న ఉక్కు రూపాన్ని మార్టెన్‌సైట్ అంటారు. ఇది మహా గట్టిది, కాని గాజులా పెళుసు. కింద పడితే చిట్లుతుంది.

అందుకని పనివాడు ఇంకొక మెట్టు ఎక్కుతాడు. ఆ ఉక్కును మళ్ళీ కొద్దిగా, 150 నుంచి 200 డిగ్రీల దాకా వేడి చేస్తాడు. చిక్కుకున్న కార్బనులో కొంత బయటికి జరుగుతుంది. గట్టితనం ఒక పిసరు తగ్గుతుంది, పెళుసుతనం బాగా తగ్గుతుంది. దీన్ని టెంపరింగ్ అంటారు. ఎంత వేడి దగ్గర ఆపాలన్నదే విద్య. పూర్వం ఉష్ణమాపకాలు లేని రోజుల్లో కమ్మరులు రంగు చూసి ఆపేవారు. వేడి ఉక్కు మీద గాలిలోని ఆక్సిజన్ వల్ల పలచని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. రోడ్డు మీది నీటిలో కిరసనాయిలు చుక్క పడితే రంగులు కనబడతాయి చూడండి, అదే కారణం. పొర మందాన్ని బట్టి కాంతిలో కొన్ని రంగులు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, కొన్ని మిగులుతాయి. దాదాపు 225 డిగ్రీల దగ్గర గడ్డిరంగు, 255 దగ్గర గోధుమ, 280 దగ్గర ఊదా, 300 దగ్గర నీలం.

నీలం అంటే 300 డిగ్రీలు. అది గడియారపు స్ప్రింగుకు సరిపోయే వేడి, క్షౌరపు కత్తికి కాదు. నా కుంపటి మీద తాత కత్తిలో చిక్కుకుని ఉన్న కార్బను చాలావరకు బయటికి పోయింది. అందులోనూ అన్యాయం చూడండి: కత్తి వీపు మందం, అంచు పలచన. పలచని చోట లోహం తక్కువ కనుక అది ముందు వేడెక్కుతుంది. ఏ భాగం గట్టిగా ఉండాలో అదే ముందు మెత్తబడింది. వీపు మీద ఈనాటికీ గడ్డిరంగు ఛాయే ఉంది.

మళ్ళీ ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచకూడదా అని మీరు అడగవచ్చు. నేనూ బి.ఇడి. చదివే రోజుల్లో ఒక కమ్మరిని అడిగాను. కాగితంలా పలచనైన ఆకు నీళ్ళలో పడగానే మెలిక తిరుగుతుందనీ, లేదా అంచు పగులుతుందనీ చెప్పాడు. కత్తి చేసేవాళ్ళు ఆకు ఇంకా మందంగా ఉండగానే ఆ పని ముగించి, తరువాత రాతిచక్రం మీద అరగదీస్తారు. అరగదీసేటప్పుడు కూడా నీళ్ళు పోస్తూనే ఉంటారు. ఎందుకో మీకు ఇప్పుడు చెప్పనక్కరలేదు.

వాదర లెక్క

కత్తి పదునైన అంచును తెలుగులో వాదర అంటాం. మంచి క్షౌరపు కత్తి వాదర మందం అర మైక్రాను, లేదా అంతకన్నా తక్కువ. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన వెంట్రుక మందం 50 నుంచి 100 మైక్రానులు. ఇప్పుడు పీడనం సూత్రం గుర్తు తెచ్చుకోండి. వాదరలో ఒక సెంటీమీటరు పొడవు మీద 50 గ్రాముల బరువంత బలం, అంటే దాదాపు అర న్యూటను పనిచేస్తోందనుకుందాం. వైశాల్యం 0.01 మీటరు × 0.0000005 మీటరు. భాగించి చూడండి. పది కోట్ల పాస్కల్‌లు వస్తుంది. ఒక చదరపు సెంటీమీటరు మీద ఒక టన్ను బరువు పెట్టినట్టు! వేలితో తోసే తోపుకు ఇంత ఫలితం.

కోణం కూడా లెక్క కట్టవచ్చు. సానరాయి మీద ఈ కత్తిని పూర్తిగా పడుకోబెట్టి నూరుతారు. వీపూ వాదరా రెండూ రాయిని తాకుతుంటాయి. కనుక కోణం ఎంత ఉండాలో చేతికి తెలియనక్కరలేదు, వీపు మందమే దాన్ని నిర్ణయిస్తుంది. నా దగ్గర ఉన్న ఒక కత్తికి వీపు మందం 5 మిల్లీమీటర్లు, వీపు నుంచి వాదర దాకా 17 మిల్లీమీటర్లు. అడ్డుకోత ఒక సమద్విబాహు త్రిభుజం. సగం కోణం టాంజెంటు 2.5/17. పట్టిక చూస్తే ఎనిమిది డిగ్రీల పైచిలుకు, మొత్తం సుమారు 17 డిగ్రీలు. వంటింటి చాకుకు దాదాపు దీనికి రెట్టింపు ఉంటుంది. ఏళ్ళ తరబడి నూరితే వాదరతో పాటు వీపూ అరుగుతుంది కాబట్టి కోణం పెద్దగా మారదు. ఈ ఏర్పాటు ఎవరికి ముందు తట్టిందో గాని, వాళ్ళకు నమస్కరించాలి.

మెత్తటి వెంట్రుక, గట్టి ఉక్కు

ఇక నన్ను చాలాకాలం వేధించిన ప్రశ్న. ఉక్కుతో పోలిస్తే వెంట్రుక దాదాపు యాభై రెట్లు మెత్తన. మరి మెత్తటిది గట్టిదాన్ని ఎలా మొద్దు చేస్తుంది? రాయి మీద దూది రాస్తే రాయి అరగాలి కదా!

నెమ్మదిగా రాసుకుని వాదర గుండ్రంగా అరిగిపోతుందని చాలామంది అనుకునేవారు. నేను కూడా తరగతిలో అలాగే చెప్పాను. 2020 ఆగస్టులో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక వ్యాసం చదివాక దాన్ని దిద్దుకున్నాను. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన రోషియోలీ, తాహెరీ-ముసావీ, టాసన్ అనే ముగ్గురు చేసిన పని అది. రోషియోలీ మామూలు బ్లేడు రేజరుతో తానే గడ్డం గీసుకుని, ప్రతిసారీ దాని అంచును ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద చూశాడు. గుండ్రంగా అరగడం పెద్దగా కనబడలేదు. దాని బదులు అంచు అక్కడక్కడ చిన్న చిన్న పెళ్ళలుగా ఊడింది. అప్పుడు సూక్ష్మదర్శిని లోపలే బ్లేడుతో వెంట్రుకను కోసే చిన్న యంత్రం అమర్చి చూశారు. నిటారుగా కోస్తే ఏమీ కాలేదు. వెంట్రుక వంగి, అంచును వాలుగా తగిలినప్పుడు, అదీ వెంట్రుక పక్క అంచు బ్లేడును తాకే చోట, అక్కడే ఉక్కులో గట్టి రేణువూ మెత్తటి రేణువూ పక్కపక్కన ఉంటే పెళ్ళ లేచింది. మూడు కారణాలూ ఒక్కచోట కలవాలి. ఉక్కు లోపలి అమరిక ఎంత సమంగా ఉంటే వాదర అంత మన్నుతుందన్నమాట.

వాళ్ళు పరీక్షించింది తుప్పుపట్టని ఉక్కు బ్లేడును. పాత మడత కత్తుల ఉక్కు వేరు. అయినా తాతల నాటి అలవాట్లు కొన్ని దీనితో అర్థమవుతాయి. క్షవరానికి ముందు గడ్డాన్ని నీళ్ళతో నానబెట్టి సబ్బు బాగా రుద్దుతారు. వెంట్రుక తన బరువులో మూడో వంతు దాకా నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, తక్కువ బలానికే తెగుతుంది. ఎడమచేత్తో చర్మాన్ని బిగలాగుతారు. వెంట్రుక నిలబడుతుంది, వంగే అవకాశం తగ్గుతుంది.

తోలుపట్టీ సంగతి కూడా చెప్పాలి. సానరాయి మీద వాదర ముందుకు నడుస్తుంది. తోలు మీద వీపు ముందు, వాదర వెనక. ఇది తిరగబడితే తోలు తెగుతుంది. తోలు కొత్త పదును పుట్టించదు. కంటికి కనబడనంతగా పక్కకు వంగిన వాదరను సరిచేసి, నునుపు చేస్తుంది. కొస చేరాక కత్తిని వీపు మీదుగా దొర్లించి తిప్పాలి, వాదర మీదుగా ఎన్నడూ కాదు. ఈ మాట నాకు నేర్పినది మా ఊళ్ళో యాభై ఏళ్ళు క్షౌరవృత్తి చేసిన పెద్దాయన. ఉద్యోగంలో చేరాక ఒక పాత కత్తి కొని ఆయన దగ్గరికి వెళితే, మొదటి నెల రోజులు కత్తి నా ముఖం దగ్గరికి రానివ్వలేదు. పట్టీ మీద తిప్పించాడు, అంతే. పదును ఎలా చూడాలో కూడా ఆయనే చెప్పాడు. దీపం కింద వాదరను ఎదురుగా చూడాలి. తెల్లటి గీత మెరిస్తే మొద్దు. ఏమీ కనబడకపోతే పదును. అర మైక్రాను అంటే కాంతి తరంగం పొడవంత. అంత సన్నటి అంచు మన కంటికి వెలుగును తిప్పి పంపలేదు. ఆయన సైన్సు చదవలేదు, కాని పరీక్ష తప్పు కాదు.

హైదరాబాదు జుమ్మేరాత్ బజారులో, ఇంకా అక్కడా ఇక్కడా ఏరి తెచ్చిన కత్తులు ఇప్పుడు నా దగ్గర పదకొండు ఉన్నాయి. కొన్ని ఆదివారం నాడు వాడతాను. కొన్ని చూసుకోవడానికే. ఒక్కో కత్తి మెడ మీది ముద్రలు చదివితే చరిత్ర పాఠం. ఒకదాని మీద కిరీటం, పక్కన వి, ఆర్ అనే ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. విక్టోరియా రాణి కాలం, అంటే 1837కూ 1901కీ మధ్యది. ఉట్టి ‘జర్మనీ’ అని దేశం పేరు ఉంటే 1891 తరువాతిది కావచ్చు. దిగుమతి సరుకు మీద పుట్టిన దేశం పేరు ఉండాలని 1890లో అమెరికా చట్టం చేశాక ఆ ముద్రలు పెరిగాయి.

ఇంగ్లండులో ఈ కత్తులకు పేరుపడ్డ ఊరు షెఫీల్డ్. అక్కడ 1740 ప్రాంతంలో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు ఉక్కును మట్టి మూసలో కరిగించి పోశాడు. అంతకు ముందరి ఉక్కులో కార్బను ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉండేది. కరిగితే అంతటా సమంగా కలుస్తుంది. ఆయనకు కావలసింది గడియారపు స్ప్రింగులు, లాభపడినవాళ్ళలో గడ్డం గీసుకునేవాళ్ళూ ఉన్నారు.

మూసలో ఉక్కు చేయడం మన దక్షిణాదికి అప్పటికే ఎన్నో శతాబ్దాల విద్య. నిజామాబాదు ప్రాంతంలోని కోన సముద్రం అందుకు పేరుపొందింది. హెన్రీ వాయ్సీ అనే ఆంగ్లేయుడు అక్కడి కొలుములను చూసి రాసిన వర్ణన 1832లో అచ్చయింది. ఇలాంటి ఉక్కును యూరపులో ‘ఊట్జ్’ అన్నారు. ఆ పేరు మన ‘ఉక్కు’ మాటకు చుట్టమని పండితులు అంటారు. లండనులో జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారు 1790లలో ఈ ఊట్జ్‌తో పనిచేశాడు. భారతదేశపు ఉక్కుతో చేసిన రేజర్లు, శస్త్రచికిత్స పరికరాలు అమ్ముతాననీ, యూరపు ఉక్కు కంటే ఇదే మేలనీ తన దుకాణం కార్డు మీదే అచ్చు వేయించాడు. ఆయనతో కలిసి ఊట్జ్ రహస్యం కోసం 1818 నుంచి ప్రయోగాలు చేసినది ఎవరో తెలుసా? విద్యుత్తు పాఠంలో మీరు చదివే మైకేల్ ఫారడే. ఆయన తండ్రి కమ్మరి. ఉక్కులో ప్లాటినం, రోడియం, వెండి కలిపి చూశారు. వెండి అయిదువందల పాళ్ళలో ఒక పాలే చాలన్నారు. ఆ తరువాత షెఫీల్డ్ కత్తుల మీద ‘సిల్వర్ స్టీల్’ ముద్ర బాగా చెల్లింది. నా పదకొండులో రెండింటి మీద ఉంది.

పాత కత్తి కొనేవాళ్ళు ఆకును చూసి మురుస్తారు, పిడిని మరచిపోతారు. నాకు అందంగా కనబడిన ఒక కత్తికి తేనెరంగు సెల్యులాయిడ్ పిడి ఉంది. పంతొమ్మిదో శతాబ్దపు చివరి నుంచి దంతానికి, తాబేటి చిప్పకు బదులు ఇది వాడారు. సెల్యులాయిడ్ అంటే నైట్రిక్ ఆమ్లంతో మార్చిన పత్తి, కర్పూరంతో కలిపినది. ఏళ్ళు గడిస్తే అది తనంతట తాను విచ్ఛిన్నమై నైట్రోజన్ ఆక్సైడులు వదులుతుంది. గాలిలోని తేమతో అవి ఆమ్లమవుతాయి. ఒకే పెట్టెలో పక్కన పెట్టిన మూడు మంచి కత్తులు ఒక్క వానాకాలంలో దాని వల్ల తుప్పు పట్టాయి. దానికిప్పుడు వేరే డబ్బా, మూత వదులుగా. అది భగ్గున మండే పదార్థం కనుక వంటింటి ఛాయలకు కూడా తీసుకుపోను. దంతపు పిడి జోలికి మాత్రం పోలేదు. మన దేశంలో దంతం వ్యాపారం నేరం.

ఇంత చెప్పి ఒక మాట గట్టిగా చెప్పకపోతే తప్పవుతుంది. ఇలాంటి కత్తి మీకు ఎక్కడ దొరికినా వేలితో పదును చూడకండి, విప్పకండి, పెద్దవాళ్ళకు ఇవ్వండి. ఒకరికి వాడిన కత్తి మరొకరికి వాడకూడదు. హెపటైటిస్-బి వైరస్ శరీరం బయట కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. కంటికి కనబడని నెత్తుటి చుక్క చాలు. పైన చెప్పిన బ్లేడు ముక్కల పద్ధతి అందుకే మంచిది. నాకు మడత కత్తి ఇష్టమైనా, క్షవరశాలలో నేనూ కొత్త బ్లేడే అడుగుతాను.

ఉక్కు చావడం, బతకడం మీ కళ్ళతో చూడాలంటే కత్తి అక్కరలేదు. నాలుగు కుట్టు సూదులు చాలు. ప్రయోగశాలలో, మీ సైన్సు మాస్టారు పక్కన ఉండగా, కళ్ళజోడు పెట్టుకుని చేయండి. మొదటి సూదిని అలాగే ఉంచండి. రెండోదాన్ని పటకారుతో పట్టుకుని స్పిరిటు దీపం మంటలో ఎర్రగా కాల్చి, మంట నుంచి మెల్లమెల్లగా పైకి తీస్తూ చల్లార్చండి. మూడోదాన్ని ఎర్రగా కాల్చి వెంటనే చల్లటి నీళ్ళలో వేయండి. ఇప్పుడు ఒక్కోదాన్ని మందపు గుడ్డలో చుట్టి, రెండు పటకార్లతో వంచి చూడండి. రెండోది తీగలా వంగి అలాగే ఉండిపోతుంది. మూడోది పుటుక్కున విరుగుతుంది. మొదటిది కొంత వంగి, వదిలితే వెనక్కి వస్తుంది.

నాలుగోదాన్ని కూడా మూడోదానిలా కాల్చి ముంచండి. కాని వంచకండి. గరుకు కాగితంతో తెల్లగా మెరిసేలా రుద్ది, మంటకు బాగా ఎత్తులో పట్టుకోండి. రంగులు వరసగా వస్తాయి. నీలం కనబడగానే తీసేసి, చల్లారాక వంచి చూడండి. ఆలస్యమై నీలం దాటి బూడిదరంగుకు పోతే మళ్ళీ మొదటి నుంచి ఎర్రగా కాల్చి ముంచుకోవచ్చు. సూదితో అయితే అది వీలవుతుంది.